‘యా ఖవీ’ యను నామజపము

ఇస్లాము మతమున దైవనామమును మఱలమఱలఁ బలుకు ననుష్ఠానమునకు ‘జిక్ర్’ అని పేరు. అరబ్బీ భాషలో నీ శబ్దమునకు స్మరణము, ఉచ్చారణము అను రెండర్థములును గలవు. మనస్సునఁ దలఁచుటయు నోటఁ బలుకుటయు నొక్క ధాతువునందే యిమిడియున్నవి. దేహబలము సన్నగిల్లినపుడును, కష్టకాలమున గుండె దిటవు తప్పినపుడును ఆ మతస్థులలోఁ బలువురు ‘యా ఖవీ’ యని జపింతురు. ‘ఓ బలశాలీ’ యని దాని యర్థము. ఒక్క పేరు పిలిచినంతమాత్రమున బలమెట్లు చేకూరును? ఆ శక్తి యక్షరములయందున్నదా, పిలువఁబడు వానియందున్నదా? ఈ ప్రశ్నమునకుఁ గొంత సమాధానము ఆ రెండు పదముల వ్యాకరణమునందే కలదని చూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట నామమును విచారింతము. దీని తొలి యక్షరము జిహ్వామూలమునకు లోపలఁ బుట్టునది. మన వర్ణమాలలో దానికి సరియగు నక్షరము లేదు. దక్కను ముసల్మానుల నోట నది ఖకారమునకు దగ్గఱగా వినఁబడును. ఖురాను, ఖాదరు అని తెలుఁగున వ్రాయుట యీ యుచ్చారణము ననుసరించియే. అరబ్బీలో ‘ఖువ్వత్’ అనఁగా బలము. ‘ఖాదిర్’ వంటి రూపములు కర్త్రర్థకములు. ‘ఖవీ’ యనునది యట్లు గాక, వస్తువునందు స్థిరముగా నుండు గుణమును దెలుపు విశేషణరూపము. సంస్కృతమున మతుప్ ప్రత్యయమునకు నిత్యయోగము, అతిశయము మున్నగు నర్థములను మన వైయాకరణులు చెప్పియుండిరి గదా. ‘బలవాన్’ అను శబ్దము నట్టి యర్థముతోఁ జెప్పినచో ‘ఖవీ’ శబ్దమునకు సమీపమగును. ఒకప్పుడు కలిగి యొకప్పుడు తొలఁగు బలము గాదు, ఎన్నఁడును వీడని బలమని తాత్పర్యము. దైవనామముల కర్థవివరణము వ్రాసిన గజాలీ (1058–1111) ‘ఖవీ’, ‘మతీన్’ అను రెండు నామములను జేర్చి చూచి, మొదటిది శక్తియొక్క పరిపూర్ణతను, రెండవది దాని దార్ఢ్యమును దెలుపునని విభజించెను.

ఇఁక ‘యా’ యనునది సంబోధనావ్యయము. సాధారణముగా దైవనామములకు ముందు ‘అల్’ అను నిర్దేశకము చేరి ‘అల్ ఖవీ’ యని యుండును. ‘యా’ చేరినంతనే యది లోపించును. ‘అల్లాహ్’ అను నామమునందు మాత్రము నిలిచియుండును. అరబ్బీ వైయాకరణులలో నగ్రగణ్యుఁడగు సీబవైహి, సంబోధనమునందు ‘పిలుచుచున్నాను’ అను క్రియ లుప్తమై యున్నదని సిద్ధాంతీకరించెను. సంబోధనమునకుఁ బాణిని ప్రథమావిభక్తిని విధింపఁగా, సీబవైహి యా లుప్తక్రియకుఁ గర్మగా దానిని గ్రహించెను. మార్గములు వేఱైనను ఫలితమొక్కటి: సంబోధనమున్నచోట నభిముఖుఁ డొకఁడున్నాఁడు, పిలుచువాఁ డొకఁడున్నాఁడు. కావున ‘యా ఖవీ’ యనునది వట్టిపేరు గాదు. ‘బలశాలివగు నిన్ను నేను బిలుచుచున్నాను’ అను వాక్యము.

ఇది వ్యాకరణవినోదము మాత్రమే యని తలఁపరాదు. ఆ మతమునందే దీనినిబట్టి గొప్పవాదము నడచినది. సూఫీలు పెక్కండ్రు ‘అల్లాహ్, అల్లాహ్’ అని సంబోధనము లేక కేవలనామమును జపింతురు. ఇబ్ను తైమియ్యా (1263–1328) దీని నాక్షేపించెను. ఒంటరి నామము పూర్ణవాక్యము గాదనియు, దానివలన విశ్వాసము గాని యవిశ్వాసము గాని ప్రకటితము గాదనియు నాతని వాదము. దీనికి సమాధానము చెప్పవలసినచో మన శాస్త్రములయందలి యధ్యాహారన్యాయము తోడ్పడును. ‘ద్వారము’ అని యొకఁడన్నచో ‘మూయుము’ అను క్రియ వినువానికిఁ దోఁచుచున్నది. దప్పిగొన్నవాఁడు ‘నీళ్లు’ అని యూరకున్నను వాక్యము పూర్ణమగుచునే యున్నది. కాని యధ్యాహారమునకు వక్తయొక్క యాకాంక్ష మూలము. దప్పిలేని నోట ‘నీళ్లు’ అను మాట వట్టి శబ్దమే. ఇబ్ను తైమియ్యా యాక్షేపమునందలి సారమిదియే యని నాకుఁ దోఁచుచున్నది.

జపసంఖ్యనుగూర్చియు నిట్టి వివాదమే కలదు. మన కటపయాదివలె నరబ్బీ వారికి ‘అబ్జద్’ అను నక్షరసంఖ్య యున్నది. ‘ఖవీ’ యందలి మొదటి హల్లునకు 100, వకారమునకు 6, యకారమునకు 10, కూడఁగా 116. కొందఱు దీనినే జపసంఖ్యగా గ్రహింతురు. ఖురానునందును బ్రామాణికహదీసులయందును లేని సంఖ్యలకు ఫలములను నియమించుట తగదని విద్వాంసులలోఁ బలువురు దీనిని నిరాకరింతురు.

హదీసులయందే చెప్పఁబడిన సంఖ్య యొకటి గలదు. దాని సందర్భము మన విషయమునకు మిక్కిలి యుపకరించునది. ప్రవక్త కూఁతురగు ఫాతిమా తిరుగలి త్రిప్పి త్రిప్పి చేతులు నొవ్వఁగా, తండ్రిని బరిచారిక నొకతె నడుగఁబోయెను. ఆయన యా రాత్రి కూఁతు నింటికి వచ్చి, పరిచారికకంటె మేలైనది చెప్పెదనని, పరుండుటకు ముందు దైవపరిశుద్ధతను 33 మాఱులు, స్తుతిని 33 మాఱులు, మహత్త్వమును 34 మాఱులు పలుకుఁడని యా దంపతులకు నుపదేశించెను. తిరుగలి తేలికపడలేదు, పిండి తనంత రాలలేదు. మఱునాఁటి పనికి లేచు బలమును స్మరణమునందు వెదకుకొనుమని యీ యుపదేశమునకు భావము. స్మరించువాఁడు స్మరణము లేనిచోఁ జేయఁజాలని పనిని జేయఁగలుగునని చెప్పుచు, ఇబ్ను తైమియ్యా శిష్యుఁడగు ఇబ్నుల్ ఖయ్యిమ్ ఈ కథనే యుదాహరించెను. కేవలనామజపము నాక్షేపించిన గురువునకు శిష్యుఁడై యితఁడు స్మరణమువలని బలము నింత గట్టిగాఁ జెప్పుట గమనింపఁదగినది.

ఈ తిరుగలి మన దక్కనునకును వచ్చినది. బిజాపురపు సూఫీల పరంపరలో ‘చక్కీనామా’ లను పాటలు దక్కనీ భాషలో వెలసినవి. స్త్రీలు పిండి విసరుచుఁ బాడుకొనుటకుఁ దగినట్లు, తిరుగలి తిరుగుటను దైవస్మరణముతో ముడివేసి యవి రచింపఁబడినవి. తిరుగలిపాటలెఱిఁగిన తెలుఁగువారికి దీని మర్మము వేఱుగఁ జెప్పనక్కఱలేదు. చేతికి శ్రమ, నోటికి నామము. రెండును నొక్క లయలో సాగినపుడు శ్రమ భారము దోఁపదు.

అయినను బలమెవరిదను ప్రశ్నము మిగిలియున్నది. దైవమువలనఁ దప్ప మనుష్యునకుఁ గదలికయు లేదు, బలమును లేదు అను నర్థము గల వాక్యమొకటి ముసల్మానుల నోటఁ దఱచుగా వినఁబడును. దాని యక్షరములఁ గొన్నింటిని గ్రహించి యరబ్బీవారు ‘హౌఖలా’ యని యొక పదము గల్పించిరి. ఇట్టి పదకల్పనమునకు ‘నహ్త్’ అని పేరు. చెక్కుట యని యర్థము. ‘యా ఖవీ’ యను పిలుపునకు నీ వాక్యమే భాష్యము. నాకు బలము లేదని యొప్పుకొన్నవాఁడే బలశాలిని బిలుచును. పేరును మందువలె మ్రింగి బలము తనదైనదని తలఁచువాఁడు సంబోధనమును మఱచినవాఁడు.

దైవమునకు 99 నామములు గలవనియు, వానికి ‘ఇహ్సా’ చేసినవాఁడు స్వర్గమును బొందుననియు నబూహురైరా చెప్పిన హదీసు ప్రసిద్ధము. ‘ఇహ్సా’ యనఁగా లెక్కించుట; గులకఱాతిపేరికి సంబంధించిన ధాతువునుండి పుట్టిన శబ్దము. కాని వ్యాఖ్యాతలు కంఠస్థము చేయుట, అర్థము గ్రహించుట, దాని ననుసరించి నడచుకొనుట యను నర్థములను గూడఁ జెప్పిరి. జపమాలలోని పూసలు మొదటి యర్థమునకే చాలును. తక్కిన యర్థములకుఁ బిలుచువాఁడు తానెవరిని బిలుచుచున్నాఁడో యెఱుఁగవలయును.