జెల్డా: కార్టూన్‌లా ఉందని వెక్కిరించారు.. ఆ రంగులే గేమ్‌కి ప్రాణం!

గేమ్ రిలీజ్ కాకముందే వెక్కిరింతలు మొదలయ్యాయి. కథ మీద కాదు, కంట్రోల్స్ మీద కాదు.. బొమ్మల మీద!

2000లో జపాన్ కంపెనీ నింటెండో తన కొత్త గేమ్‌క్యూబ్ సత్తా చూపించేందుకు ఓ డెమో వీడియో వదిలింది. అందులో 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' హీరో లింక్, విలన్ గానన్‌డార్ఫ్ కత్తులు దూస్తారు. సీన్ మొత్తం సీరియస్ లుక్. తర్వాతి జెల్డా ఇలాగే ఉంటుందని ఫ్యాన్స్ ఫిక్సయిపోయారు. ఏడాది తిరిగేసరికి సీన్ రివర్స్. పెద్ద కళ్లు, పొట్టి కాళ్లతో లింక్ కార్టూన్ పిల్లాడిలా కనిపించాడు. చాలామందికి మండిపోయింది. 'సెల్డా' అని పేరు కూడా పెట్టేశారు.

ఆ పేరు సెల్ షేడింగ్ అనే టెక్నిక్ నుంచి వచ్చింది. ఇందులో వెలుగు మెల్లగా నీడలోకి కరగదు. వెలుగుకి ఒక రంగు, నీడకి ఒక రంగు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. అందుకే చేత్తో గీసిన బొమ్మలా కనిపిస్తుంది.

2002 డిసెంబరులో జపాన్‌లో 'ది విండ్ వేకర్' పేరుతో ఆ గేమ్ వచ్చింది. ఆడినవాళ్లకి అసలు సంగతి అప్పుడు తెలిసింది. లింక్‌కి అంత పెద్ద కళ్లు ఊరికే పెట్టలేదు. దగ్గర్లో పనికొచ్చే వస్తువు ఉంటే అతని చూపు అటు తిరుగుతుంది. అదే క్లూ!

ఇక రంగుల విషయానికొస్తే.. గంటల తరబడి నీలి సముద్రం, పచ్చటి దీవులు, తెల్లటి మబ్బులు. సెలవుల్లో షికారుకెళ్లినట్టే ఉంటుంది. కళ్లు దానికి అలవాటు పడ్డాక లింక్ సముద్రం అడుగుకి దిగుతాడు. (ఆడని వాళ్లకి ఇది స్పాయిలర్!) అక్కడ మునిగిపోయిన హైరూల్ కోట. మొత్తం బ్లాక్ అండ్ వైట్. శత్రువులు ఎక్కడివాళ్లక్కడే బొమ్మల్లా ఆగిపోయి ఉంటారు. లింక్ మాస్టర్ స్వోర్డ్ పైకి లాగగానే కోటకి రంగు తిరిగొస్తుంది. హమ్మయ్య అనుకునేలోపే శత్రువులకీ కదలిక వస్తుంది! మొదటి నుంచీ మసక రంగుల్లో ఉన్న గేమ్‌లో ఈ సీన్ ఇంతగా పేలేది కాదు.

ఫ్యాన్స్ అడిగిన సీరియస్ లుక్ 2006లో 'ట్విలైట్ ప్రిన్సెస్'తో దక్కింది. మంచి గేమే. కానీ నిజంలా కనిపించాలని చేసిన ముఖాలు ఇప్పుడు పాతబడ్డాయి, విండ్ వేకర్ సముద్రం మాత్రం ఇంకా ఫ్రెష్‌గానే ఉంది.

2017లో వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' మళ్లీ కార్టూన్ షేడింగ్ వైపే వెళ్లింది. ఆ గేమ్‌లో మ్యాప్ తెరవకపోయినా పర్లేదు. చీకట్లో దూరంగా నారింజ వెలుగు కనిపించిందంటే అక్కడ ఇంకా తెరవని గుడి ఉన్నట్టే. పని పూర్తయ్యాక అది నీలంగా మారుతుంది.