కాన్పు పీట పక్కన నిలిచినవారు

ఐగుప్తు రాజు మాటకు ఎదురులేని కాలమది. అయినా నిర్గమకాండం మొదటి అధ్యాయం ఆ రాజు సొంత పేరేమిటో చెప్పదు. ఫరో అన్నది బిరుదే తప్ప పేరు కాదు. ఆ ఫరో ఎవరన్న విషయంపై పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అదే అధ్యాయంలో ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఒకరు షిఫ్రా, మరొకరు పూయా. హెబ్రీ స్త్రీకి మగబిడ్డ పుడితే అక్కడికక్కడే చంపేయమని రాజు హుకుం జారీ చేస్తే, దేవునికి భయపడిన ఆ ఇద్దరూ పిల్లల్ని బతకనిచ్చారు. ఎందుకిలా చేశారని రాజు నిలదీసినప్పుడు, ఆ స్త్రీలు చురుకైనవారు, మేం వెళ్లేలోపే కనేస్తున్నారని గడుసుగా జవాబిచ్చారు. దేవుడు ఆ గడుసుతనాన్ని తప్పుపట్టలేదు సరికదా, వారికి మేలు చేశాడు.

మరి మన ఇళ్లలో? బిడ్డ పుట్టిన తేదీ, నక్షత్రం, ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు అన్నీ గుర్తుంటాయి. నొప్పులు పడుతున్న తల్లి నడుము నిమురుతూ రాత్రంతా పక్కనే ఉన్న నర్సు పేరు చెప్పమంటే నూటికి ఒక్కరు కూడా చెప్పలేరు. ‘సిస్టర్’ అని పిలిచాం, అంతటితో సరిపోయింది.

2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతవరకు ఈ ప్రాంతాల్లో కాన్పు కష్టమైందంటే చాలామందికి వరంగలే దిక్కు. తర్వాత మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మంచిదే. అయితే ఈ మూడు జిల్లాల కష్టం ఒక్క తీరుది కాదు. జనగామ హైదరాబాద్ రహదారి మీదుంది. అక్కడ కారెక్కితే రెండు గంటల్లో పెద్ద ఆసుపత్రి. మానుకోట వైపు గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల్లో తండాలు, కోయగూడేలు అడవిని ఆనుకుని ఉంటాయి. భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారం, పలిమెల మండలాల సంగతీ అంతే. వానాకాలంలో వాగు పొంగితే దారి తెగుతుంది. 2023 జూలైలో మోరంచవాగు ఊరిమీద పడి మోరంచపల్లి మునిగిపోతే, జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. నెలలు నిండిన తల్లి ఉన్న ఇంటికి ఆ వానాకాలం ఎలా గడుస్తుందో ఊహించుకోండి. అలాంటి చోట ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ముందుగానే లెక్క వేసుకుని ఆమెను వాగు ఇవతలికి చేర్చడమే సగం వైద్యం.

తెలంగాణలో ఇప్పుడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97. ఇది చిన్న విజయం కాదు. అదే సర్వేలో మరో అంకె ఉంది. ఆ కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే. దేశంలో ఇంత ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. సిజేరియన్ ప్రాణాలు కాపాడే ఆపరేషన్, అవసరమైనప్పుడు దాన్ని ఆలస్యం చేయడం పాపం. కానీ ఒక దేశంలో ఈ ఆపరేషన్లు 10 శాతం దాటాక, అవి పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇక్కడ డాక్టర్లనే నిందించి లాభం లేదు. ముహూర్తం పెట్టుకుని కడుపు కోయించుకునేవారిని చూసి నవ్వే విశ్వాసులే, డిసెంబరు 25న పుట్టేలా చూడండి డాక్టరమ్మా అని అడగడం నేనెరుగుదును. యేసుప్రభువు పుట్టిన తేదీ సువార్తల్లో ఎక్కడా లేదని వారికి ఎన్నిసార్లు చెప్పాలి?

అసలు కారణం ఇంకోటి ఉంది. మామూలు కాన్పుకు ఓపిక కావాలి. పన్నెండు గంటలు, పద్దెనిమిది గంటలు ఒకరు పక్కన ఉండాలి. బిడ్డ గుండె కొట్టుకోవడం వింటూ, నొప్పుల తీరు రాసుకుంటూ, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలిసినవారు ఉండాలి. ఆ మనిషి లేనప్పుడే కత్తి ముందుకొస్తుంది. నిర్గమకాండంలోని ‘కాన్పు పీట’ అన్న మాటకు హెబ్రీ మూలంలో అక్షరార్థం ‘రెండు రాళ్లు’. ఆనాటి స్త్రీలు రాళ్లమీదో ఇటుకలమీదో గొంతుకు కూర్చుని కనేవారని వ్యాఖ్యాతలు చెబుతారు. ఆసుపత్రులొచ్చాక తల్లి బల్లమీద వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. అది చూసేవారికి సులువు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మొదటి బ్యాచ్‌లో 30 మంది. తల్లిని నడవనివ్వడం, కూర్చోనివ్వడం, తనకు అనువైన భంగిమలో కననివ్వడం ఆ శిక్షణలో భాగం. షిఫ్రా, పూయాలు చూస్తే ఇందులో మాకు తెలియనిదేముందని అంటారేమో! 2018లో కేంద్రం కూడా ఇదే దారిలో మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ పొందిన నర్సును ఆ పనిలోనే ఉంచాలి. ఆమెను వేరే వార్డు డ్యూటీకి పంపేస్తే 18 నెలల చదువు వృథా.

బిడ్డ పుట్టగానే ఇంటివాళ్ల కళ్లన్నీ బిడ్డ మీదికి పోతాయి. ఆ రెండు గంటల్లోనే తల్లికి అసలు ప్రమాదం. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం మన దేశంలో తల్లుల మరణాలకు ప్రధాన కారణం. నర్సు పావుగంటకోసారి వచ్చి పొట్ట నొక్కి చూస్తుంటే విసుక్కోకండి, గర్భసంచి గట్టిపడిందో లేదో ఆమె చూస్తోంది. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే తక్కువగానే తోస్తుంది. అందుకే కొలతలున్న ప్లాస్టిక్ షీటు తల్లి కింద పరిచి, గీత దాటగానే చికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టే పద్ధతిని కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లోని 80 ఆసుపత్రుల్లో పరీక్షించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం వంటి తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయి. అక్కడ పెద్ద యంత్రాలేవీ లేవు. ఒక షీటు, మందులు, గమనించే కళ్లు.

ఇక పసికందు. యెహెజ్కేలు 16వ అధ్యాయంలో ప్రవక్త యెరూషలేమును పొలంలో పారేసిన ఆడశిశువుతో పోలుస్తాడు. బొడ్డు కోసినవారు లేరు, కడిగినవారు లేరు, ఉప్పు రాసినవారు లేరు, బట్టలో చుట్టినవారు లేరు. ఆ కాలపు నర్సింగ్ పద్ధతుల పట్టిక మనకు ఆ శోకగీతంలోనే దొరుకుతుంది. నేడు కొంత మారింది. ఉప్పు రాయరు, వెంటనే స్నానం కూడా చేయించరు. తడి తుడిచి, తల్లి రొమ్ముమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, గంటలోపు ముర్రుపాలు పట్టిస్తారు. మన రాష్ట్రంలో ఆ మొదటి గంటలో పాలు అందుతున్న పిల్లలు సగం మంది కూడా లేరు. ఆపరేషన్ అయిన తల్లి కూడా పాలివ్వగలదు, కాకపోతే బిడ్డను పట్టుకుని ఒకరు సాయం నిలవాలి.

నెలలు నిండకుండా, రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల విషయంలో కంగారూ పద్ధతి 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో పుట్టింది. అక్కడ ఇంక్యుబేటర్లు చాలక, ఇద్దరు డాక్టర్లు పిల్లల్ని తల్లుల గుండెలకే కట్టించారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే ఇలా చేస్తే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని తేలింది. నాన్నలూ చేయొచ్చు. చొక్కా విప్పి కూర్చోవడానికి మొగమాటపడే నాన్నలను ఒప్పించే పని కూడా నర్సులదే.

దోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ పేరు వినగానే 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారు, ఎపిఫనీ దేవాలయం గుర్తొస్తాయి. మన మిషన్ల చరిత్ర బిషప్పుల పేర్లను, గుడి గోపురాలను దాచుకున్నంత భద్రంగా నర్సుల పేర్లను దాచుకోలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మనకు తెలుసు. 1909లో వేలూరులో నర్సింగ్ బడి పెట్టిన ఐడా స్కడర్ తెలుసు. వారి దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలెవరు? పురుటి రక్తం మైల అనుకున్న సమాజంలో ఆ పని కులం తక్కువవారిదన్నారు. చాలాకాలం ఎక్కువగా పేద క్రైస్తవ ఇళ్ల ఆడపిల్లలే నర్సు టోపీ పెట్టుకోవడానికి ముందుకొచ్చారు. రాత్రి డ్యూటీ చేసే పిల్లకు సంబంధం ఎలా కుదురుతుందని చర్చి ఆవరణలోనే గుసగుసలాడినవారున్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఆదికాండం మాత్రం రిబ్కా ఎప్పుడు చనిపోయిందో చెప్పకుండా, ఆమె దాది దెబోరా మరణాన్ని చెబుతుంది. బేతేలు దగ్గర ఆమెను పాతిపెట్టిన చెట్టుకు ఏడ్పు చెట్టని పేరు పెట్టారట.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు రావాలి. తూకం తెస్తుంది, థర్మామీటరు తెస్తుంది. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. పురుటిల్లని ఆమెను గుమ్మం బయటే నిలబెట్టేయకండి. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ముందు ఆమె పేరు అడగండి.