వేయి దీవుల అందం ఎవరిది?

అమెరికా, కెనడా దేశాల నడుమ పారే పెద్ద నది సెయింట్ లారెన్స్. ఒంటారియో సరస్సు నుంచి బయటపడగానే ఆ నది సుమారు ఏభై మైళ్ల పొడవున దీవుల మధ్య పాయలు పాయలుగా చీలిపోతుంది. జనం వీటిని ‘వేయి దీవులు’ అంటారు. లెక్క చూస్తే 1,864. ఏడాది పొడవునా నీటిపైన నిలిచి, చెట్టు మొలిచిన ప్రతి బండనూ దీవి కిందే కట్టారు. ఇవి ఒండ్రు పేరుకున్న మేటలు కావు, నీట మునిగిన గ్రానైటు కొండల శిఖరాలు. వీటి మధ్యగా సరిహద్దు పాములా మెలికలు తిరుగుతుంది. 1822లో ఆ గీత గీసినవాళ్లు ఏ దీవినీ రెండు ముక్కలు కానివ్వలేదు.

యాత్రికులు ఇక్కడి అందాన్ని తెగ పొగుడుతారు. పొగడాల్సిందే. కానీ కష్టజీవి అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ దీవులు ఎవరివి? ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయాయి?

దస్తావేజు లేని కొనుగోలు

తెల్లవాళ్లు రాకముందు ఈ నీళ్లమీద వేటాడి, చేపలు పట్టి బతికినవాళ్లు మిసిసాగా, మోహాకు మొదలైన ఆదివాసులు. 1783లో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున కెప్టెన్ క్రాఫర్డ్ ఉత్తరపు గట్టు భూముల్ని మిసిసాగాల దగ్గర ‘కొన్నాడు’. ఇచ్చిందేమిటి? బట్టలు, తుపాకులు, మందుగుండు, అంచు కుట్టిన పన్నెండు టోపీలు, పన్నెండు కోటులకు సరిపడే ఎర్రగుడ్డ. ఆ బేరానికి దస్తావేజంటూ ఏదీ మిగల్లేదు. తర్వాత 1856లో, దీవుల్ని అమ్మిపెట్టి ఆ సొమ్ము మీ పేర జమ చేస్తామంటూ ప్రభుత్వం కెనడా వైపు దీవుల్ని కూడా వాళ్లచేత అప్పగింపు చేయించుకుంది. మాట ఏదైనా, నేల మాత్రం చేయి మారింది.

కోటలు కట్టిన చేతులు

1872లో రైలుపెట్టెల తయారీదారు జార్జి పుల్‌మన్ తన దీవికి అమెరికా అధ్యక్షుడు గ్రాంటును అతిథిగా పిలిచాడు. ఆ కబురు పత్రికలకెక్కింది. ఇక శ్రీమంతులు ఎగబడ్డారు. పుల్‌మన్ తన దీవిలో 1888లో కోటలాంటి మేడ కట్టించాడు. ఈ పెద్దమనిషే చికాగో దగ్గర తన ఫ్యాక్టరీ కార్మికులకు కూలి తెగ్గోసి, కంపెనీ ఇళ్ల అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. 1894లో వాళ్లు సమ్మె కట్టారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపి ఆ సమ్మెను అణచింది.

ఇంకొకాయన జార్జి బోల్ట్, న్యూయార్కులో పేరుమోసిన హోటలు అధిపతి. భార్యకు కానుకగా హార్టు దీవిలో 120 గదుల కోట 1900లో మొదలుపెట్టాడు. 1904లో ఆమె చనిపోయింది. పని ఆపెయ్యమని తంతి వచ్చింది. 300 మంది రాతిపనివాళ్లు, వడ్రంగులు, మేస్త్రీలు పనిముట్లు కింద పెట్టేశారు. మొండిగోడలు 73 ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1977లో అక్కడి వంతెన సంస్థ కోటను తీసుకుని బాగుచేయించింది. ఇప్పుడు అది చూడదగ్గ స్థలం. ఆ భర్త దుఃఖం నిజమే, కాదనం. కానీ ఆ 300 మంది మర్నాడు ఏ కూలికి పోయారు, వాళ్ల పొయ్యి ఎట్లా వెలిగింది అని అడిగే యాత్రికుడు ఎంతమందిలో ఒకడు?

నదిని కాచుకున్న జనం

1959లో ఈ నదిలో సముద్రపు ఓడలు నడిచే మార్గం తెరిచారు. 1976 జూన్‌లో ఒక చమురు పడవ ఇక్కడ బండల్ని ఒరుసుకుని, సుమారు 3 లక్షల గ్యాలన్ల చమురు నదిపాలైంది. ఆ గాయం మానకముందే సైనిక ఇంజనీర్లు ఇంకో పథకం ముందుకు తెచ్చారు. చలికాలంలో గడ్డకట్టిన నదిని పగలగొట్టి, ఏడాది పొడవునా ఓడలు నడపాలట! దీవుల్లో బతికేవాళ్లకు ఆ మంచుగడ్డే చలికాలపు బాట. అది పగిలితే రాకపోకలుండవు. కదిలే గడ్డలు గట్టుల్ని కోస్తాయి, చేపలు గుడ్లు పెట్టే చోట్లను నాశనం చేస్తాయి.

1978లో నది ఒడ్డు ఊళ్లవాళ్లు ‘సేవ్ ది రివర్’ అనే సంఘం పెట్టారు. ముందుండి నడిపినవాడు బ్యారీ ఫ్రీడ్. అతను నిజానికి వియత్నాం యుద్ధ వ్యతిరేక పోరాటంలో పేరుకెక్కిన అబ్బీ హాఫ్‌మన్. మాదకద్రవ్యాల కేసులో 1974 నుంచి పోలీసులకు దొరక్కుండా మారుపేరుతో తిరుగుతున్నాడు. 1980 సెప్టెంబరులో తనే లొంగిపోయాడు. విచారణ సభలకు జనం కదిలివచ్చారు. సొంత దీవి ఉన్నవాళ్లూ వచ్చారు, పడవ తప్ప ఆస్తి లేనివాళ్లూ వచ్చారు. చలికాలపు ఓడల పథకం మూలపడింది. నాయకుడు తెలివైనవాడే, కానీ నదిని కాచింది జనం కట్టిన సంఘం.

పోరు అంతటితో తీరలేదు. నీటిమట్టం ఎంత ఉండాలో తేల్చేది 1909 ఒప్పందంతో పుట్టిన రెండు దేశాల ఉమ్మడి కమిషన్. 2017 జనవరిలో కొత్త నీటి విధానం అమల్లోకి వచ్చింది. ఆ ఏడూ, మళ్లీ 2019లోనూ వరద గట్టులు ముంచింది. అధిక వర్షాలే కారణమని కమిషన్ అంది. ఆ విధానమే ముంచిందని గట్టుమీదివాళ్లు అనేకులు మండిపడ్డారు. ఓడల కంపెనీలకో లెక్క, విద్యుత్తుకో లెక్క, గట్టున ఇళ్లున్నవాళ్లకో లెక్క. చిత్తడినేలలకూ చేపలకూ లెక్క చెప్పుకునే నోరు లేదు.

అందుకే అంటున్నాం. నది అందాన్ని చూసి మురిసిపోతే చాలదు. నీళ్ల లెక్క రాసే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో చూడాలి. అక్కడ మన చోటు కోసం సంఘం కట్టాలి. 1978లో ఆ దీవుల జనం చేసింది సరిగ్గా అదే.