చలికి మాడిన అరటి – సబ్బునీళ్ల నేరం కాదు



మన వంటశాల వెనక అరటి చెట్లు సంక్రాంతి సెలవులకు ముందు మాడిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. ఆకులు మొదట నీళ్లలో నానినట్టు ముదురు రంగుకి తిరిగాయి. తర్వాత అంచుల నుంచి గోధుమరంగు పాకి, నాలుగు రోజుల్లో నల్లగా వేలాడిపోయాయి. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు బట్టలుతికిన సబ్బునీళ్లు ఆ పాదుల్లో పోశాడని అందరం వాడి మీద పడ్డాం. నేనూ పడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. వాడు రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. ఇప్పుడేమో చెట్లన్నీ దుంపలతో సహా తవ్వేసి ఆ జాగాలో వంగ నాటాలనే మాట నడుస్తోంది. తవ్వే ముందు ఇది కాస్త చదవండి.

నాకు అనుమానం ఎక్కడ పుట్టిందంటే, మొత్తం ఏడు పాదులున్నాయి. ఐదు పచ్చ అరటి, రెండు బొంత. సబ్బునీళ్లు ఆ కాలువ వెంట ఏడింటికీ పోతాయి. కానీ పూర్తిగా మాడినవి పచ్చ అరటి నాలుగే. బొంత రెండూ ఆకు కొసలు తప్ప పచ్చగానే ఉన్నాయి. ఐదో పచ్చ అరటి పనస చెట్టు కింద ఉంది, అది సగం బతికింది. సబ్బు అయితే చెట్టు జాతి చూసి, పైన నీడ చూసి చంపుతుందా?

చలి మాత్రం చూస్తుంది. మన ఏజెన్సీ చలి సంగతి వేరే చెప్పాలా? లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉన్న మనిషి కొర్రులాగా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. అరటి వేడి నేలల మొక్క. 26 నుంచి 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. 15 డిగ్రీల దరిదాపుల్లో పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. 10 కిందకి దిగితే ఆకుకి దెబ్బ తగులుతుంది. అంటే నీళ్లు గడ్డకట్టే సున్నా డిగ్రీ దాకా పోనక్కర్లేదు. మంచుగడ్డ లేకుండానే అరటికి ప్రాణం మీదికొస్తుంది. ఇది నాకు వింతగా అనిపించి, సైన్సు మాస్టారి వెంట పడ్డాను.

ఆయన సమాధానం చెప్పకుండా కొబ్బరినూనె సీసా తెమ్మన్నారు. పొద్దున్నే మన సీసాల్లో నూనె తెల్లగా బిగిసి, పుల్లతో గీకి తలకి రాసుకుంటాం కదా. అదే వంటశాలలో వేరుశెనగ నూనె గడ్డకట్టదు. ఎందుకు? కొవ్వు అంటే పొడుగాటి గొలుసులు. కొబ్బరినూనెలో ఎక్కువ గొలుసులు తిన్నగా ఉంటాయి. తిన్నటి వెదుళ్లు మోపు కడితే ఎలా దగ్గరగా అతుక్కుంటాయో, అలా సుమారు 24 డిగ్రీలకే బిగుస్తాయి. వేరుశెనగ నూనెలో గొలుసులకి వంకరలుంటాయి. వంకర కట్టెలు మోపులో ఇమడవు, సందులుండిపోతాయి. అందుకే చలిలోనూ జారుతుంటుంది. తిన్నటి వాటిని సంతృప్త కొవ్వు ఆమ్లాలు, వంకర వాటిని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అంటారు.

ఇప్పుడు అరటి ఆకులోకి వద్దాం. ఆకులో ప్రతి కణం చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది, పేరు కణత్వచం. అది గోడలాంటిది కాదు, రెండు వరుసల కొవ్వుతో చేసిన నూనె తెట్టులాంటిది. అందులో ప్రోటీన్లు తలుపుల్లాగా తేలుతూ, ఏది లోపలికి రావాలో ఏది బయటికి పోవాలో చూస్తాయి. తెట్టు జారుతున్నంతసేపే తలుపులు పనిచేస్తాయి. చలికి అది కొబ్బరినూనెలా బిగుసుకుంటే తలుపులు ఇరుక్కుంటాయి, పగుళ్లు పడతాయి, లోపలి లవణాలు బయటికి కారిపోతాయి. ప్రయోగశాలల్లో చలి దెబ్బ కొలిచేది కూడా ఇలాగే. ఆకు ముక్కలు మంచి నీళ్లలో వేసి, ఆ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూస్తారు. ఎక్కువ పారితే ఎక్కువ లవణం కారినట్టు. మన ఆకులు మొదట నీళ్లలో నానినట్టు కనిపించడానికి కారణం ఈ కారడమే.

నల్లబడటం ఇంకో కథ. కణం మధ్యలో రిక్తిక అనే సంచి ఉంటుంది, వగరుగా ఉండే ఫినాల్ పదార్థాలు అందులో ఉంటాయి. వాటిని నల్లబరిచే ఎంజైము వేరే గదిలో ఉంటుంది. పొరలు చిరిగితే రెండూ కలుస్తాయి, గాలిలో ఆక్సిజన్ తోడవుతుంది, నలుపు తేలుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడేది కూడా ఇందుకే. అందుకే ఓడల్లో అరటికాయల్ని సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంచి తీసుకెళ్తారు, అంతకన్నా చల్లబరచరు. (కిందటిసారి ఫ్రిజ్‌లో నల్లబడ్డ పళ్లు కుళ్లాయని పారేశాం. లోపల గుజ్జు బాగానే ఉండుంటుంది. పోనీలెండి.)

అసలు దెబ్బ రాత్రి కాదు, తెల్లారాక ఎక్కువ పడుతుందట. ఇది నేను అస్సలు అనుకోలేదు. పత్రహరితం చలిలో కూడా ఎండని పట్టుకుంటూనే ఉంటుంది. కానీ ఆ శక్తితో పిండిపదార్థం చేసే ఎంజైములు చలికి మందగిస్తాయి. పొయ్యి మండుతూనే ఉంది, వండేవాళ్లు నిద్రపోతున్నారు అనుకోండి. మిగిలిపోయిన శక్తి ఆక్సిజన్ మీద పడి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి విషాలు తయారవుతాయి. అవి పొరల కొవ్వునే తినేస్తాయి. రాత్రి నిర్మలంగా ఉండి మంచు కురిసి, పొద్దున ఎండ చురుక్కుమంటే అరటికి రెండు దెబ్బలు. పైగా ఆకాశం తేటగా ఉన్న రాత్రి వెడల్పాటి ఆకు తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది. పనస చెట్టు కింద పాదుకి రాత్రి దుప్పటి, పొద్దున గొడుగు రెండూ దొరికాయి. అది సగం బతకడానికి కారణం అదే.

మరి బొంత ఎలా నిలబడింది? మనం తినే అరటి రకాలు ఎక్కువగా రెండు అడవి జాతుల నుంచి వచ్చాయి. ఒకటి మూసా అక్యుమినేటా, రెండోది మూసా బాల్బిసియానా. మొదటిదాని వారసత్వాన్ని ఏ అనీ, రెండోదాన్ని బీ అనీ రాస్తారు. పచ్చ అరటి ఏఏఏ, బొంత ఏబీబీ. బీ పాలు ఉన్న రకాలు చలికీ కరువుకీ సాధారణంగా గట్టివి. 2012లో చైనా శాస్త్రవేత్తలు ఏబీబీ రకం మొక్కల్ని చలిలో పెట్టి వాటి ప్రోటీన్లు పరిశీలించారు. పైన చెప్పిన విషాలను విరిచే ఏర్పాటే వాటి ఓర్పుకి తోడ్పడుతోందని తేల్చారు. ఆ పని చేసే ఎంజైముల్లో కాటలేజ్ ఒకటి. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది చూశారా, అది మన రక్తంలోని కాటలేజ్ పనే. బొంత ఆకులోనూ నురగ కనబడకుండా అదే జరుగుతోంది.

చలి మెల్లమెల్లగా వస్తే అరటి కొంత సర్దుకుంటుంది కూడా. పొర బిగుసుకోగానే కాల్షియం కణంలోకి చొరబడుతుంది, అదే హెచ్చరిక గంట. దాంతో కొన్ని జన్యువులు మేల్కొంటాయి. వాటిని లేపే ఒక ప్రోటీనుకి ఐస్ అని పేరు పెట్టారు, ఎవరో సరదా మనిషి అయ్యుండాలి. తర్వాత తిన్నటి గొలుసులకి వంకరలు పెట్టే ఎంజైములు పనిలోకి దిగుతాయి, చక్కెరలూ ప్రోలిన్ అనే పదార్థమూ పోగవుతాయి. కానీ ఈసారి చలి మూడు రాత్రుల్లో దిగిపోయింది. సర్దుకునే టైము ఎక్కడిది?

వార్డెన్ గారూ, ఇక తవ్వే సంగతి. అరటికి మనం కాండం అనుకునేది ఆకుల తొడుగులు చుట్టుకున్న బోదె మాత్రమే. గెల వేసే వయసు వచ్చేదాకా అసలు మొగ్గ నేల దగ్గర దుంపలోనే ఉంటుంది. మట్టి గాలంత త్వరగా చల్లబడదు కాబట్టి ఆకులు చచ్చినా దుంప బతికే ఉండొచ్చు. ఎండిన ఆకుల్ని కూడా చలి పోయేదాకా కొయ్యొద్దు, అవి బోదెకి కంబళి. సాయంత్రాలు పాదులు తడిపితే తడి మట్టి పగటి వేడిని రాత్రికి దాచుకుంటుంది. కొత్తగా నాటితే బొంత పిలకలే నాటుదాం, పచ్చ అరటి కావాలంటే పనస పక్కన.

సోమవారం సైన్సు మాస్టారి అనుమతితో, బాగా మాడిన చెట్టునొకదాన్ని మోకాలెత్తున అడ్డంగా కోశాం. పైన నల్లగా ఉన్నా లోపల తెల్లగా, తడిగా ఉంది. కోసింది ఆ ఎనిమిదో తరగతి తమ్ముడే. గురువారం పొద్దున వాడే పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు. కోసిన చోట నడిమధ్య నుంచి వేలెడు మొవ్వు పైకొచ్చింది. వంటశాల వెనక్కి వెళ్లి ఎవరైనా చూడొచ్చు.

– పదో తరగతి విద్యార్థి