వైద్యమైత్రి

వైద్యమైత్రి అనగా వైద్యునికి, రోగికి మధ్య ఉండే సంబంధాన్ని ఒక రకమైన స్నేహంగా పరిగణించే భావన. దీని మూలాలు ప్రాచీన గ్రీకు వైద్యంలోను, క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన ప్లేటో, అరిస్టాటిల్ రచనలలోను ఉన్నాయి. క్రీ.శ. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అరిస్టాటిల్ స్నేహ సిద్ధాంతాన్ని క్రైస్తవ ప్రేమతో జోడించిన తరువాత ఇది కేథలిక్ నీతిశాస్త్రంలో భాగమయింది. నయం కాని జబ్బుతో ఉన్న మనిషికి ఎంతవరకు చికిత్స చెయ్యాలి, ఎక్కడ ఆపాలి, ఆ నిర్ణయం ఎవరిది అనే ప్రశ్నలకు కేథలిక్ సంప్రదాయం ఇచ్చే సమాధానాలను అర్థం చేసుకోవడానికి ఈ పూర్వ చరిత్ర ఉపకరిస్తుంది.

పద వివరణ

గ్రీకు భాషలో స్నేహాన్ని "ఫిలియా" అంటారు. మనం వాడే "స్నేహం" అనే మాట కంటె దీని పరిధి పెద్దది. తల్లీబిడ్డల మమకారం, ఆలుమగల అనురాగం, ఒకే నగరవాసుల మధ్య సామరస్యం, ఒకే ఓడలో ప్రయాణించేవారి చెలిమి, ఇచ్చిపుచ్చుకునే వారి మధ్య నమ్మకం - ఇవన్నీ ఫిలియా కిందికే వస్తాయి. కనుక వైద్యుడు రోగికి మిత్రుడు అన్నప్పుడు వారిద్దరూ తీరిక వేళల్లో కబుర్లు చెప్పుకునే నేస్తాలని అర్థం కాదు. ఒకరి మేలును మరొకరు కోరే సంబంధం అని మాత్రమే అర్థం. ఈ వ్యాసంలో మైత్రి, స్నేహం అనే మాటలను ఈ విశాలమైన అర్థంలోనే వాడడం జరిగింది.

ప్లేటో లేవనెత్తిన ప్రశ్న

ప్లేటో రచించిన "లైసిస్" అనే సంభాషణలో సోక్రటీసు ఇద్దరు బాలురతో స్నేహం అంటే ఏమిటని చర్చిస్తాడు. ఆ చర్చలో రోగి ఉదాహరణగా వస్తాడు. ఆరోగ్యంగా ఉన్నవానికి వైద్యునితో పని లేదు. రోగి వైద్యుని ఆప్తునిగా చూస్తున్నాడంటే దానికి కారణం రోగం, ప్రయోజనం ఆరోగ్యం. అటువంటప్పుడు అతను నిజంగా ప్రేమిస్తున్నది వైద్యుడినా, ఆరోగ్యాన్నా? ఈ సంభాషణ తేలకుండానే ముగుస్తుంది. కాని ప్రశ్న మాత్రం మిగిలిపోయింది: అవసరం వల్ల పుట్టిన బంధాన్ని స్నేహం అనవచ్చునా?

ప్లేటో చివరి రచన "చట్టాలు". ఇందులో రెండు రకాల వైద్యుల వర్ణన ఉంది. బానిసలకు వైద్యం చేసేవాడు రోగి చెప్పేది వినడు, తాను చేసేది వివరించడు. నియంతలాగ ఆజ్ఞాపించి మరొక రోగి దగ్గరకు పరుగెడతాడు. స్వతంత్ర పౌరులకు వైద్యం చేసేవాడు రోగితోను, అతని బంధుమిత్రులతోను మాట్లాడతాడు, జబ్బు మొదటినుండి ఎలా వచ్చిందో తెలుసుకుంటాడు, రోగికి నచ్చజెప్పిన తరువాతనే మందు ఇస్తాడు. చికిత్సకు ముందు రోగి సమ్మతి తీసుకోవాలనే నేటి నియమానికి ఈ వర్ణన దగ్గరగా ఉండడం గమనించదగ్గది.

అరిస్టాటిల్ సిద్ధాంతం

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322) వైద్యుని కుమారుడు. అతని తండ్రి నికోమాకస్ మాసిడోనియా రాజు అమింటాస్ ఆస్థాన వైద్యుడు. అరిస్టాటిల్ రచనలలో వైద్యుల ఉదాహరణలు తరచుగా కనబడడానికి ఇది ఒక కారణం కావచ్చు. "నికోమాకియన్ ఎథిక్స్" అనే గ్రంథంలోని 10 భాగాలలో 8, 9 భాగాలు పూర్తిగా స్నేహానికే కేటాయించబడ్డాయి.

అరిస్టాటిల్ ప్రకారం స్నేహం మూడు రకాలు:

1. ప్రయోజనం కోసం చేసే స్నేహం. ప్రయోజనం తీరగానే ఇది తీరిపోతుంది.
2. సంతోషం కోసం చేసే స్నేహం. ఇది యువకులలో ఎక్కువ. అభిరుచులు మారితే మారిపోతుంది.
3. గుణాన్ని చూసి చేసే స్నేహం. ఇందులో స్నేహితుని మేలును అతని కోసమే కోరడం ఉంటుంది. ఇదే సంపూర్ణ స్నేహం. ఇది అరుదు, ఏర్పడడానికి కాలం పడుతుంది, ఎక్కువమందితో సాధ్యం కాదు.

ఏ రకమైనా సరే, మేలు కోరడం ఇరువైపులా ఉండాలి, ఆ సంగతి ఇద్దరికీ తెలిసి ఉండాలి. తండ్రీకొడుకుల వలె అసమానుల మధ్య కూడ స్నేహం ఉండవచ్చునని అతను అంగీకరించాడు.

ఈ పట్టికలో వైద్యుని స్థానం ఏది? రోగికి ఆరోగ్యం, వైద్యునికి రుసుము. కనుక మొదటి చూపులో ఇది ప్రయోజన స్నేహమే. పైగా అరిస్టాటిల్ "రాజనీతి" గ్రంథంలో చట్టమా, పాలకుడా అనే చర్చలో, వైద్యుడు స్నేహం కోసం తన శాస్త్రానికి విరుద్ధంగా నడుచుకోడు, రోగిని బాగుచేసి రుసుము తీసుకుంటాడు అనే వాదన కనబడుతుంది. వైద్యులకు జబ్బు చేస్తే వేరే వైద్యుని పిలిపించుకుంటారని కూడ అక్కడే ఉంది. ఎందుకనగా తన విషయంలో తన తీర్పు సరిగా ఉండదు. అంటే స్నేహం మంచిదే కాని మితిమీరిన మమకారం వైద్యుని వివేకాన్ని చెరుపుతుంది.

ఇలాగ ఉన్నప్పటికీ అరిస్టాటిల్ చెప్పిన రెండు లక్షణాలు తరువాతి వైద్యనీతికి పునాదులయ్యాయి. మొదటిది, స్నేహితుడు ఉండాలని, బ్రతకాలని అతని కోసమే కోరుకోవడం. దీనికి తల్లి ప్రేమ ఉదాహరణ. రెండవది, కష్టంలో ఉన్న మిత్రుని వద్దకు పిలవకుండానే వెళ్ళడం.

అక్వినాస్ చేసిన మార్పు

నికోమాకియన్ ఎథిక్స్‌ను రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ అనే ఇంగ్లండు బిషప్పు 1240ల చివరి భాగంలో లాటిన్‌లోకి పూర్తిగా అనువదించాడు. ఈ అనువాదాన్ని ఉపయోగించుకున్నవారిలో థామస్ అక్వినాస్ (1225-1274) ముఖ్యుడు. క్రైస్తవ ప్రేమను లాటిన్‌లో "కారితాస్" అంటారు. "సుమ్మా థియొలాజియే" గ్రంథంలో అక్వినాస్ ఈ ప్రేమను దేవునికి, మనిషికి మధ్య స్నేహంగా నిర్వచించాడు. నిర్వచనానికి ఆధారంగా తీసుకున్నది అరిస్టాటిల్‌నే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. సంపూర్ణ స్నేహం కొద్దిమందితోనే సాధ్యమని అరిస్టాటిల్ అన్నాడు. శత్రువును కూడ ప్రేమించమని క్రీస్తు బోధించాడు. ఈ రెండూ ఎలా పొసగుతాయి? దీనికి అక్వినాస్ సమాధానం తేలికగా బోధపడుతుంది. మనం ఒక మిత్రుని గాఢంగా ప్రేమిస్తే అతని పిల్లలను, అతని ఇంటి మనుషులను కూడ ప్రేమిస్తాము. వారు మనను నొప్పించినా సరే, అతని ముఖం చూసి ప్రేమిస్తాము. దేవునితో స్నేహం ఉన్నవాడు అదే విధంగా దేవునికి చెందిన మనుషులందరినీ ప్రేమించగలడు.

ఈ మార్పుతో ముక్కూ మొహం తెలియని రోగి కూడ వైద్యుని మైత్రికి పాత్రుడయ్యాడు. లూకా సువార్తలోని మంచి సమరయుని కథ దీనికి నమూనా. దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషికి సమరయుడు మిత్రుడు కాదు, స్వజనుడు కూడ కాదు. అయినా గాయాలకు కట్టుకట్టి, పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చి, ఖర్చు ఇంకా అయితే తిరిగివచ్చి ఇస్తానని చెప్పి వెళ్ళాడు.

చికిత్సకు హద్దులు

ప్రాణం కాపాడుకోవడం ధర్మమే అయినా, దానికోసం ఏ కష్టమైనా పడి తీరాలా అనే చర్చ 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో జరిగింది. ఫ్రాన్సిస్కో డి విటోరియా ఆహారాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. తిండి సయించక, తినడమే యాతనగా ఉన్న రోగి తినలేకపోతే దోషం కాదన్నాడు. వైద్యుడు సలహా ఇచ్చినంత మాత్రాన ఖరీదైన కోడిమాంసం తిని తీరాలనే విధి కూడ లేదన్నాడు. 1595లో డొమింగో బాన్యెజ్ "సాధారణ", "అసాధారణ" సాధనాలు అనే విభజన చేశాడు. సాధారణ సాధనాలు వాడుకోవడం విధి. అసాధారణ సాధనాలు ఐచ్ఛికం. మత్తుమందు లేని ఆ రోజుల్లో కాలు తీసివెయ్యడం అసాధారణ సాధనానికి ఉదాహరణగా చెప్పేవారు.

ఈ విభజన యంత్రాన్ని బట్టి, మందును బట్టి చేసేది కాదు. ఆ మనిషికి దానివల్ల కలిగే మేలు ఎంత, భారం ఎంత అనే దానిని బట్టి చేసేది. ఉదాహరణకు 30 ఏళ్ళ వ్యక్తికి న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు కృత్రిమ శ్వాస అవసరమయితే అది సాధారణ సాధనం కావచ్చు. కేన్సరు ముదిరిన 80 ఏళ్ళ వ్యక్తికి అదే యంత్రం చావును సాగదీసే భారం కావచ్చు. భారం ఎంతో మోసేవానికే తెలుస్తుంది. కాబట్టి రోగిని అడగకుండా, అతని మాట వినకుండా ఈ లెక్క వెయ్యడం సాధ్యం కాదు. వైద్యమైత్రి అవసరం ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

20వ శతాబ్దంలో ఈ సూత్రాలు అధికారిక బోధనలుగా వెలువడ్డాయి:

- 1957 ఫిబ్రవరి: నొప్పి తగ్గించడమే ఉద్దేశమయినప్పుడు, ఆ మందువల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా వాడవచ్చునని పోపు 12వ పయస్ ప్రకటించాడు.
- 1957 నవంబరు: అసాధారణ సాధనమైన కృత్రిమ శ్వాసను ఆపడం తప్పు కాదని మత్తు వైద్యులతో చేసిన ప్రసంగంలో ఆయనే వివరించాడు.
- 1980: వాటికన్ ప్రకటన కారుణ్య మరణాన్ని ఖండించింది. అయితే మరణం ఆసన్నమైనప్పుడు ఫలితం లేని, భారమైన చికిత్సను నిరాకరించడం ఆత్మహత్య కాదని తెలిపింది.
- 2020: "మంచి సమరయుడు" అనే అర్థం వచ్చే పేరుతో వెలువడిన లేఖ, నయం చెయ్యలేని రోగికి కూడ సేవ చెయ్యవచ్చునని, అతనిని ఒంటరిగా వదలరాదని నొక్కిచెప్పింది.

స్థూలంగా చూస్తే మిత్రుడు బ్రతకాలని కోరుకునేవాడు అతనిని చంపడు. అతని మేలు కోరేవాడు మోయలేని భారాన్ని అతనిపై పెట్టడు. కేథలిక్ వైద్యనీతి ఈ రెండు హద్దుల మధ్య నడుస్తుంది.

ఆధునిక కాలం

స్పెయిన్‌కు చెందిన వైద్యచరిత్రకారుడు పేద్రో లాయిన్ ఎంట్రాల్గో (1908-2001) వైద్యుడు-రోగి సంబంధంపై 1964లో వెలువరించిన గ్రంథంలో ఈ చరిత్రను గ్రీకుల కాలంనుండి పరిశీలించి, వైద్య సంబంధానికి మైత్రియే ఆధారమని ప్రతిపాదించాడు. అమెరికాకు చెందిన కేథలిక్ వైద్యుడు ఎడ్మండ్ పెలెగ్రినో (1920-2013), డేవిడ్ థామస్మాతో కలిసి 1988లో ప్రచురించిన గ్రంథంలో రోగి మేలు, రోగి నమ్మకం అనే రెండింటిని కలిపి వైద్యనీతిని నిర్మించాడు.

విమర్శలు

- మిత్రుని పేరుతో వైద్యుడు తన అభిప్రాయాన్ని రోగిపై రుద్దే ప్రమాదం ఉంది. రోగి స్వేచ్ఛకు హక్కులే తప్ప స్నేహం హామీ కాదని కొందరు వాదిస్తారు.
- రోజుకు పదుల సంఖ్యలో రోగులను చూసే వైద్యుని నుండి మైత్రి ఆశించడం ఆచరణ సాధ్యం కాదనేది మరొక అభ్యంతరం. దీనికి సమర్థకులు చెప్పేది, కావలసినది సాన్నిహిత్యం కాదు, మేలుకోరే వైఖరి అని.
- బాధ భరించలేని మిత్రుడు తానే మరణాన్ని కోరితే తీర్చడం స్నేహం కాదా అని కారుణ్య మరణ సమర్థకులు అడుగుతారు. కేథలిక్ నీతి దీనిని అంగీకరించదు. ఇది నేటికీ తెగని వివాదం.
- గొట్టం ద్వారా ఆహారం, నీరు ఇవ్వడం సూత్రరీత్యా సాధారణ సాధనమేనని పోపు రెండవ జాన్ పాల్ 2004లో చెప్పినప్పుడు కేథలిక్ పండితులలోనే భిన్నాభిప్రాయాలు వచ్చాయి.

భారతదేశంలో

తెలుగు కేథలిక్కులు తమ చర్చిని "కతోలిక శ్రీసభ" అంటారు. వైద్యసేవలో శ్రీసభకు ఆంధ్ర ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉంది. ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు మేరీ గ్లౌరీ (1887-1957) 1920లో గుంటూరు వచ్చి, సన్యాసినిగా చేరి, అక్కడ వైద్యసేవ చేసింది. గుంటూరు సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి ఆమె కృషితో వృద్ధి చెందింది. 1943లో ఆమె స్థాపించిన కేథలిక్ ఆసుపత్రుల సంఘం ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో ఉంది.

భారత సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులో, కోలుకునే ఆశలేని రోగికి ప్రాణాధార చికిత్సను ఆపడాన్ని, అందుకోసం ముందుగా రాసిపెట్టుకునే మరణశాసనాన్ని షరతులతో అనుమతించింది. 2023లో ఆ షరతులను కొంత సడలించింది. మందు ఇచ్చి చంపడం మాత్రం భారతదేశంలో నేరమే. ఈ తీర్పుకు ఆధారం రాజ్యాంగంలోని 21వ అధికరణం. కేథలిక్ సూత్రానికి ఆధారం మైత్రి. అయితే రోగి స్పృహలో ఉన్నప్పుడే అతని కోరిక ఏమిటో అడిగి తెలుసుకోవడం రెండింటిలోను ముఖ్యమే.