మీటరు మీద ఎర్ర లైటు ఎందుకు మెరుస్తుంది?

కరెంటు మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర లైటు దగ్గర ఒక అంకె ఉంటుంది. చాలా ఇళ్లలో అది 3200. లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు.

యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటలో వాడే విద్యుత్తు, అంటే 36 లక్షల జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే ఒక్కో మెరుపుకు 1125 జౌళ్లు. ఆ 1125ను రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే వచ్చేవే వాట్లు! మీటరును ముట్టుకోనక్కర్లేదు, చూస్తే చాలు.

ఇంట్లో అన్నీ కట్టేసి మామూలు సీలింగ్ ఫ్యాను ఒక్కటే పూర్తి వేగంతో తిప్పితే లైటు దాదాపు 15 సెకన్లకోసారి మెరుస్తుంది. అంటే 75 వాట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 37 సెకన్లు దాటాకే మెరుస్తుంది. అదే గాలికి సగం కరెంటు కూడా పట్టదన్నమాట! 2000 వాట్ల గీజరుకు మాత్రం లైటు చకచకా కొట్టుకుంటుంది. అప్పుడు 20 మెరుపుల కాలం కొలిచి 20తో భాగించాలి.

ఫ్రిజ్‌కు ఈ పద్ధతి సరిపోదు. కంప్రెసరు తిరుగుతూ ఆగుతూ ఉంటుంది. దాని స్టార్ లేబుల్ మీద ఏడాదికి 219 యూనిట్లని ఉంటే, రోజుకు 0.6 యూనిట్, సగటున 25 వాట్లు.