కాఫీ పరిమళమును పరీక్షించు యంత్రనాసిక

కాఫీగింజ పుట్టుకతోడనే పరిమళముగలది కాదు. పచ్చిగింజ వాసన గడ్డివాసనను బోలియుండును. దానిని సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో వేపునపుడు అందలి చక్కెరలును, ఆమినో ఆమ్లములును ఒండొంటితో సంయోగమునొంది క్రొత్త పదార్థములగును. ఇట్టి సంయోగమును 1912వ సంవత్సరమున మెయిలార్డు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను. వేగిన కాఫీనుండి ఆవిరియై వెలువడు పదార్థములు 800లకు పైగా గుర్తింపబడినవి. వీనిలో నే యొక్కటియు కాఫీవాసన కాదు. అన్నియు తగుపాళ్లలో కూడిననే అది కాఫీపరిమళ మనిపించుకొనును.

ఈ పరిమళమును నిర్ణయించువారు అనుభవజ్ఞులైన పరీక్షకులు. వారు పొడిని వాసన చూచి, వేడినీరు పోసి, పైకి తేలిన తెట్టెను చెంచాతో తొలగించి మరల వాసన చూచి, పిమ్మట రుచి చూతురు. బహుకాలముగా వాడుకనున్న యొక పద్ధతిలో 100కు 80గాని, అంతకు మించిగాని మార్కులు వచ్చిన కాఫీ శ్రేష్ఠమైనదిగా నెంచబడుచున్నది. ఈ నిర్ణయమునుబట్టి వెల మారును. అరకులోయలో గిరిజనులు పండించు అరబికా కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి చిన్న రైతుల సంవత్సర కష్టఫలము కొంతవఱకు పరీక్షకుని ముక్కుపై నాధారపడియున్నది. అయితే ముక్కు అలసిపోవును. జలుబు చేసిన పనిచేయదు. ఒకే వాసనను పలుమాఱులు చూచిన మొద్దుబాఱును.

ఈ లోపమును తీర్చుటకు యంత్రనాసిక తోడ్పడును. 1982వ సంవత్సరమున ఇంగ్లాండునందలి వార్విక్ విశ్వవిద్యాలయమున కృష్ణ పెర్సాడ్, జార్జి డాడ్ అనువారు ఇట్టి నమూనా నొకదానిని నిర్మించిరి. 1992వ సంవత్సరమున గార్డ్‌నర్, షర్మర్, టాన్ అనువారు 12 సెన్సారులను కూర్చి, వేర్వేఱు కాఫీ మిశ్రమములను, వేపుడు స్థాయిలను గుర్తించు విధమును ప్రకటించిరి.

సెన్సారు పనిచేయు తీరెట్లనగా: తగరపు ఆక్సైడు పూతను కొన్ని వందల డిగ్రీలకు వేడిచేయుదురు. గాలిలోని ఆమ్లజని దానిపై నంటుకొని ఎలక్ట్రానులను పట్టియుంచును. అందుచే విద్యుత్తు సులభముగా ప్రవహింపజాలదు. కాఫీ ఆవిరులు సోకగానే ఆ ఆమ్లజనితో సంయోగమునొందును, ఎలక్ట్రానులు విడుదలయగును, విద్యుత్తు అధికముగా ప్రవహించును. ఈ భేదమునే యంత్రము కొలుచును.

ఒక్క సెన్సారు చాలదా యని యడుగవచ్చును. ఒక విద్యార్థికి గణితమున 60 మార్కులు వచ్చెనన్నంతమాత్రమున వాడెవ్వడో తెలియదు. ఆఱు విషయముల మార్కులను వరుసగా చెప్పినచో తరగతి ఉపాధ్యాయుడు వాని పేరు చెప్పగలడు. అట్లే ఒక్కొక్క సెన్సారు ఒక్కొక్క ఆవిరికి ఒక్కొక్క మోతాదున స్పందించును. ఆ అంకెల వరుసను గణనయంత్రము తాను నేర్చిన వరుసలతో పోల్చి, ఈ కాఫీ ఏ జాతిది, ఎంత వేగినది అను విషయములను తెలుపును.

అయినను ఈ యంత్రమునకు పరిమితులు కలవు. గాలిలోని తేమ దీనిని మోసపుచ్చును. కాలక్రమమున సెన్సారుల స్పందన మారును గనుక తఱచుగా సరిచూడవలెను. ముఖ్యముగా, మంచి యేదో చెడ్డ యేదో దీనికి స్వయముగా తెలియదు. మనుష్యులు మార్కులిచ్చిన కాఫీలను చూపి నేర్పినంతవఱకే యది యెఱుగును. కొన్ని తోటల కాఫీలతో మాత్రమే నేర్పినచో, దానికి పరిచయములేని కొండరైతు కాఫీ మేలైనదైనను లోపముగలదిగా తోపవచ్చును.

కాబట్టి యంత్రనాసికను పరీక్షకుని స్థానమున గాక, అతని ప్రక్కన నిలుపుట యుక్తము. అలసటలేక ఒకే కొలతతో కొలుచుట యంత్రముయొక్క పని. ఆ కొలత న్యాయమైనదగునట్లు, అన్ని ప్రాంతముల గింజలను దానికి పరిచయము చేయుట మనుష్యుని బాధ్యత. ఈ రెండును కలిసినప్పుడే పండించినవానికి తగిన వెలయు, త్రాగువానికి మంచి కాఫీయు లభించును.